తూర్పు వసారాలో ఆకునత్తలు

గౌరీశంకరం గారు బుద్ధెరిగాక ఏ జీవాన్నీ పెంచిన పాపాన పోలేదు. ఆవుని పెంచుకోమని ఎవరైనా సలహా ఇస్తే, "పాలు తాగడం వరకూ నా వల్ల అవుతుందండీ, పేడ తియ్యడం నా వల్ల కాదు" అని నవ్వేసేవారు. అటువంటి మనిషి అరవై దాటాక ఒక నత్త మీద మనసు పారేసుకున్నారంటే అమలాపురంలో మొదట ఎవరూ నమ్మలేదు. నత్తంటే గుల్ల ఉన్న నత్త కూడా కాదు. గుల్ల లేని సముద్రపు నత్త. ఉప్పునీళ్ళలో తప్ప బతకనిది. దాన్ని తెచ్చి ఇంట్లో, అందులోనూ తాను మడి కట్టుకుని సంధ్య వార్చుకునే తూర్పు వసారాలో పెట్టుకున్నారంటే నమ్మేదెలా? స్వయంగా వచ్చి చూసినవాళ్ళు కూడా కళ్ళు నులుముకున్నారు.

ఆయన వృత్తి పౌరోహిత్యం. చిన్నప్పుడు గురువు గారి ఎదురుగా కూర్చుని వేదంలో పనసలు వల్లె వేసి సంపాదించిన గొంతు, మైకు లేకుండానే మండపం చివరిదాకా వినపడుతుంది. పెళ్ళిళ్ళు, ఒడుగులు, గృహప్రవేశాలు, వ్రతాలు. పిలిచినవాళ్ళు కారు పంపితే కారు, లేకపోతే తన పాత మోపెడ్. మనిషి వెన్నపూసే గానీ ఒకటి పట్టుకుంటే మాత్రం వదలరు. పంచాంగంలో ఏదో తిథి ముందు వెనకలయిందని ఒక సిద్ధాంతి గారితో ఫోనులో వాదించి వాదించి, చివరికి ఆయన చేత "సరేనండీ, మీరన్నదే ఖాయం" అనిపించుకున్న ఘనుడు. "ఈయన పట్టు ఉడుంపట్టు" అంటారు ఆయన భార్య అచ్చయమ్మ గారు. కాపురం చేసిన మనిషి, ఆవిడకి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

వాళ్ళకి ఒక్కతే కూతురు, హిమజ. జువాలజీలో ఎమ్మెస్సీ చేసి, ఊళ్ళోనే రొయ్యల చెరువుల నీళ్ళు పరీక్ష చేసే ల్యాబులో పనిచేస్తోంది. రైతులు సీసాల్లో నీళ్ళు పట్టుకొస్తారు, కవర్లలో రొయ్యలు వేసుకొస్తారు, ఏం జబ్బో ఈ అమ్మాయి చెబుతుంది. అక్కణ్ణుంచి ఇంటికి వస్తే పక్క సందులోంచి పెరట్లోకి వెళ్ళి స్నానం చేసి గానీ లోపల అడుగు పెట్టకూడదు. అది ఆ ఇంటి కట్టు. హిమజ ఏనాడూ కాదనలేదు, తండ్రి ఏనాడూ కసురుకోలేదు. కానీ ఆ ఇద్దరి మధ్యా మాటలు ఎప్పుడో అడుగంటిపోయాయి. పోట్లాట ఏమీ కాదు. ఆయన మంత్రాలు ఆ పిల్లకి రావు, ఆ పిల్ల రొయ్యల ఊసు ఆ ఇంట్లో ఎత్తకూడదు. ఇంక ఏం మాట్లాడుకుంటారు? "వర్షం వచ్చేలా ఉందమ్మా." "ఆయ్ నాన్నగారూ." అంతటితో సరి. ఒక్కగానొక్క బిడ్డతో వానాకాలం కబుర్లు తప్ప ఇంకేమీ మిగల్లేదే అన్న బాధ గౌరీశంకరం గారిని లోలోపల తినేసేది. పైకి అనేవారు కాదు.

అలాంటి రోజుల్లో ఒక సాయంత్రం హిమజ ప్లాస్టిక్ డబ్బా ఒకటి గుండెలకి హత్తుకుని వచ్చింది. సముద్రానికి దగ్గర చెరువున్న రైతు ఒకాయన, కాలవలో మొలిచిన నాచు ఏమిటో చెప్పమని తెచ్చేడట. ఆ నాచులో ఇవి రెండు కనిపించాయట. స్నానం చేసి వచ్చి, తడి జుట్టుతోనే తల్లి దగ్గర గారాలు పోయింది.

"అమ్మా, చిన్న గాజుతొట్టి పెట్టుకుంటానే. వసారాలో. నీకేం పని తగలనివ్వను."

"తొట్టా? చేపలా? ఈ ఇంట్లోనా?" అచ్చయమ్మ గారు బుగ్గలు నొక్కుకున్నారు.

"చేపలు కావమ్మా. ఇవి నత్తజాతి."

"నత్తలైతే మరీ ముద్దొచ్చేయా? అదేమిటే, అచ్చం జలగలా ఉంది!"

ఆ గొడవకి లోపల పంచాంగం చూసుకుంటున్న గౌరీశంకరం గారు కళ్ళద్దాలతో సహా బయటికి వచ్చారు. డబ్బాలోకి తొంగి చూశారు. జలగ కాదు, ఏదీ కాదు. ఒక ఆకు! చిటికెనవేలి పొడుగున లేత తమలపాకు ముక్క. అంచులు రెండూ పైకి మడిచి ఉన్నాయి, లోపల ఈనెలు కూడా కనిపిస్తున్నాయి. ఇంతలో ఆ ఆకుకి రెండు చిన్న కొమ్ములు పొడుచుకొచ్చాయి. కొమ్ములు అటూ ఇటూ ఆడించి, ఆకు నింపాదిగా నడవడం మొదలుపెట్టింది. ఆయన ఒక్క అడుగు వెనక్కి వేశారు.

"ఏం తింటుందమ్మా ఇది?"

"ఈ నాచు తప్ప ఇంకేదీ ముట్టదండీ."

"చేపని గానీ, పురుగుని గానీ?"

"ఊహూఁ. నాచు రసం పీల్చుకుంటుంది. అందులో పత్రహరితం ఉంటుంది కదండీ, ఆ పచ్చదనం. దాన్ని అరిగించేసుకోదు నాన్నగారూ, ఒంట్లోనే దాచుకుంటుంది. తరవాత ఇదిగో, ఈ మడతలు రెండూ విప్పుకుని ఎండలో పడుకుంటుంది. ఇంక కొన్నాళ్ళు నాచు దొరక్కపోయినా ఆ పచ్చదనంతో నెట్టుకొచ్చేస్తుంది. చెట్ల ఆకులు ఎండలో అన్నం వండుకుంటాయి చూడండి, కొంతవరకూ అలాగన్నమాట."

ఆ "కొంతవరకూ" ఆయన చెవికి ఎక్కలేదు. మిగతాది మాత్రం నెత్తికెక్కింది. ఉన్నపళంగా గుమ్మం మీద కూర్చుండిపోయారు.

"ఏమేవ్, విన్నావా! మనం ఇన్ని నీళ్ళు వదిలి దణ్ణం పెట్టి లేచి వచ్చేస్తాం. ఇది ఒళ్ళంతా విప్పి సూర్యుడికి అప్పజెప్పేస్తుందిట! ఉపాసనంటే ఇదే!"

"ఉపాసన చేసుకునేది సముద్రంలోనే చేసుకోవచ్చుగా, మా వసారా ఎందుకూ?" అన్నారు అచ్చయమ్మ గారు. ఆ మాటలో న్యాయం ఉంది. కానీ ఉడుంపట్టు పడిపోయింది, న్యాయం ఎవడిక్కావాలి?

మర్నాడే అద్దాల కొట్టువాడి చేత తొట్టి చేయించారు. పొద్దుటి ఎండ చక్కగా పడేది తూర్పు వసారాలోనే కాబట్టి, ఆయన సంధ్యావందనం పీట పక్కనే దానికీ ఒక బల్ల వేశారు. ఇసుక, నాలుగు రాళ్ళు, బుడగలు వదిలే చిన్న మోటారు. సముద్రపు నీళ్ళకి ఓడలరేవు యేసురత్నం కుదిరాడు. సొంత ఆటో ఉన్నవాడు, నవ్వుమొహం. అటునుంచి అమలాపురం బేరానికి వచ్చేటప్పుడు నీలం క్యాన్లలో నీళ్ళు పట్టుకొచ్చేవాడు, కాలవలోంచి ఇంత నాచు కూడా. "ఎందుకండీ పంతులు గారండీ ఈ నీళ్ళు?" అని మొదటిసారి అడిగి, అరగంట సేపు సమాధానం విన్నాడు. మళ్ళీ అడగలేదు.

హిమజ రెండింటికీ ఏదో నోరు తిరగని పేరు చెప్పింది. గౌరీశంకరం గారు ఆకునత్తలన్నారు. వాటిల్లో పెద్దదాన్ని "పెద్దాయన" అనీ, చిన్నదాన్ని "చిన్నాయన" అనీ పిలిచేవారు. ఆడో మగో అడిగితే "రెండూనండీ" అంది హిమజ. "అర్ధనారీశ్వరమా!" అని ఆయన మళ్ళీ గుమ్మం మీద కూర్చుండిపోయారు.

ఇంక ఆ ఇంట్లో తెల్లవారితే తిరునాళ్ళే. తెల్లారగట్ల అంచులు ముడుచుకుని రాయి చాటున పడుకున్న పెద్దాయన, ఎండ పొడ తొట్టిమీద పడేసరికి మెల్లిగా గాజు ఎక్కి, కొమ్ములు సవరించుకుని, మడతలు ఒక్కొక్కటీ విప్పుకునేవాడు. అర్ఘ్యం ఇస్తున్న గౌరీశంకరం గారి చూపు సూర్యుడి మీద ఒకటి, తొట్టి మీద ఒకటి. జపం అవగానే కేక: "హిమజా! రా, రా! పెద్దాయన విచ్చుకున్నారు!" హిమజ నోట్లో బ్రష్షుతో పరిగెత్తుకొచ్చేది. అక్కడ మొదలయ్యేవి ప్రశ్నలు. దీనికి గుండె ఉందా? చూపు ఆనుతుందా? నాచు ఎలా పీలుస్తుంది, పళ్ళున్నాయా? ఒకే ఒక్క వరస పళ్ళుంటాయనీ, ఒక పన్నుతో నాచుపోగుని సూదితో పొడిచినట్టు పొడుస్తుందనీ హిమజ చెబితే ఆయనకి ఆ పూట ఉప్మా సహించలేదు, ఆనందంతో. కూతురు ఇంత చక్కగా పాఠం చెబుతుందని ఆయనకి అప్పటిదాకా తెలియనే తెలియదు. తండ్రి ఇంత చిన్నపిల్లాడిలా వింటాడని ఆ పిల్లకీ తెలియదు. ల్యాబుకి ఆలస్యమవుతోందని తల్లి లోపల్నుంచి అరుస్తూంటే, ఇద్దరూ తొట్టికి మొహాలు ఆనించి కూర్చునేవారు.

బయట కూడా ఆయన నోరు ఆగేది కాదు. గృహప్రవేశంలో పాలు పొంగేలోపల ఆకునత్త కథ. పెళ్ళిలో మధుపర్కాలు కట్టుకొచ్చేలోపల ఆకునత్త కథ. కొత్తపేటలో ఒక పెళ్ళికొడుకు తండ్రి, "పంతులు గారూ, ముందు తాళి కట్టించండి, తరవాత నత్త సంగతి చూద్దాం" అని చేతులు జోడించాడు. కట్టించాక ఆ తండ్రే సకుటుంబంగా చూడ్డానికి వచ్చాడనుకోండి, అది వేరే సంగతి.

తొట్టి సేవలో సింహభాగం ఆయనదే. కరెంటు పోతే మోటారు ఆగిపోతుంది కాబట్టి, కొబ్బరిచిప్పతో నీళ్ళు ఎత్తి పోస్తూ గాలి తగిలించేవారు. వేసవి ముదిరేసరికి తొట్టిలో నీళ్ళు రోజూ ఇంత తగ్గిపోవడం మొదలైంది. ఆవిరయ్యేది నీరే గానీ ఉప్పు కాదనీ, అందుకని తగ్గినమేరకి సముద్రపు నీళ్ళు కాకుండా మంచినీళ్ళే పొయ్యాలనీ హిమజ చెప్పింది. వంటింట్లో ఉన్న మినరల్ వాటర్ క్యాను చూపించింది.

"ఆయ్, అలాగేనమ్మా" అన్నారు ఆయన. అన్నారు గానీ మనసొప్పలేదు. ప్లాస్టిక్ క్యానులో ఎన్నాళ్ళ నుంచి మగ్గిన నీళ్ళో! సూర్యోపాసన చేసే ప్రాణికి ఆ నీళ్ళా? తను ఆచమనం చేసే నీళ్ళుండగా? అచ్చయమ్మ గారు రోజూ చింతపండు పెట్టి తళతళలాడేలా తోమిన రాగిబిందెలో సాయంత్రమే నీళ్ళు పట్టి పెడతారు. రాత్రంతా రాగిలో నిలిచిన నీళ్ళంటే అమృతమని ఆ ఇంట్లో ముత్తాతల నాటి నమ్మకం. గౌరీశంకరం గారు పొద్దున్నే స్నానం చేసి, ఎంగిలి సోకకుండా, తన ఆచమనానికి ముందే ఆ బిందెలోంచి రాగిచెంబు నిండా ముంచి తొట్టిలో పోసేవారు. ముందు వాళ్ళకి, తరవాత తనకి. హిమజకి చెప్పలేదు. దాచాలని కాదు, అంత చిన్న విషయం చెప్పాలని తోచక.

కొన్నాళ్ళకి పెద్దాయన ఆలస్యంగా విచ్చుకోవడం మొదలుపెట్టాడు. ఎండలకి బడలిక అనుకున్నారు. తరవాత నాచు ముట్టడం మానేశాడు. ఒక మంగళవారం పొద్దున చూసేసరికి గాజు మీదనుంచి జారి, ఇసుకలో వెల్లకిలా పడున్నాడు. అంచులు ముడుచుకుపోయి, ఎండుటాకు రంగు తిరిగాడు. చిన్నాయన రాయి చాటున ముద్దలా ఉన్నాడు.

గౌరీశంకరం గారి పై ప్రాణాలు పైనే పోయాయి. "హిమజా!" అన్న కేకకి పక్కింటివాళ్ళు కూడా గోడమీదనుంచి తొంగి చూశారు. హిమజ ఉప్పు చూసింది, వేడి చూసింది, తన దగ్గరున్న, నీళ్ళు పరీక్ష చేసే మందుచుక్కలన్నీ వేసి చూసింది. అన్నీ బాగానే ఉన్నాయి. మొహంలో నెత్తురు చుక్క లేకుండా, సీసాలో తొట్టినీళ్ళు పట్టుకుని స్కూటీ ఎక్కి ల్యాబుకి పరిగెత్తింది.

ఆయన ఆ పూట ఒప్పుకున్న వ్రతానికి వేరేవాళ్ళని పంపి, తొట్టి ముందు కూర్చున్నారు. నత్తలు పోతాయన్నది ఒక భయం. దాని వెనకాల ఇంకా పెద్ద భయం ఒకటుంది. ఇవి పోతే రేపు పొద్దున్న కూతుర్ని ఏమని పిలవాలి? మళ్ళీ వర్షం సంగతులేనా?

హిమజ వచ్చీ రాగానే సందు దారి పట్టలేదు, స్నానం సంగతి తలుచుకోలేదు. తిన్నగా వసారాలోకి వచ్చేసింది. కళ్ళలో నీళ్ళు, గొంతులో కోపం.

"రాగి! మైలుతుత్తం వేసిన చెరువులా ఉంది మన తొట్టి! రైతులు నత్తల్ని చంపడానికి వేస్తారమ్మా అది. ఇవి నత్తలేగా, ఒక్క పిసరు చాలు. ఎవరు వేశారు?"

అడుగుతూ తల్లి వైపు చూసింది. తొట్టి వద్దన్నది ఆవిడ ఒక్కరే కదా మరి.

"నేనెందుకు వేస్తానే? ఆ మందేమిటో కూడా నాకు తెలీదు!" అన్నారు అచ్చయమ్మ గారు. "తిట్టేనంటే తిట్టేను గానీ, నోరులేని వాటిని చంపుకుంటానా?"

గౌరీశంకరం గారు లేచి నిలబడ్డారు. "అమ్మా హిమజా, మైలుతుత్తమంటే... రాగేనా?"

"అందులో విషం రాగే నాన్నగారూ."

"ఉట్టి రాగి? పాత్ర ఉంటుంది చూడు, అలాంటి రాగి నీళ్ళలోకి దిగుతుందా?"

"చింతపండుతో తోమితే ఇంకా దిగుతుంది. మనం తాగితే పరవాలేదు. వీటికి మాత్రం..." అంటూ హిమజ ఆగిపోయింది. ఆయన చూపు వెళ్ళిన చోటికే ఆ పిల్ల చూపూ వెళ్ళింది. వసారా మూల పీట మీద బిందె, దాని మీద బోర్లించిన చెంబు.

"మీ అమ్మ కాదమ్మా. నేను. రోజూ పోసేను. చెంబుతో."

తిట్టినా బాగుండేదని ఆయనకి అనిపించింది. ముందు తేరుకున్నది హిమజే. కన్నీళ్ళు భుజానికి తుడుచుకుని పనిలో పడింది. ఉన్న నీళ్ళన్నీ పారబొయ్యాలి. ఇసుకకీ, రాళ్ళకీ రాగి పట్టేసి ఉంటుంది, అవీ పారెయ్యాలి. క్యాన్లు చూస్తే ఖాళీ. ల్యాబులో ఉన్నవి మందులు కలిసిన చెరువునీళ్ళు, పనికిరావు. ఇప్పటికిప్పుడు సముద్రం కావాలి.

యేసురత్నం ఫోను ఎత్తగానే, "ఆయ్, వచ్చేత్తన్నానండి" అన్నాడు. ఆటో గుమ్మంలో ఆగేసరికి గౌరీశంకరం గారు క్యాన్లు పట్టుకుని వీధిలో నిలబడి ఉన్నారు.

దారి పొడుగునా కాలవ గట్టు, కొబ్బరితోటలు, మధ్య మధ్య రొయ్యల చెరువుల్లో తిరుగుతున్న చక్రాలు. ఎన్నోసార్లు ముక్కు మూసుకుని దాటిన చెరువులు. ఇవాళ ఆయనకి వాసనే తెలియలేదు. "ఇంకొంచెం తొక్కవయ్యా" అంటూనే ఉన్నారు. "ఇది ఆటోనండి, ఇమానం కాదండి" అన్నాడు యేసురత్నం, అంటూనే తొక్కాడు.

సరుగుడు తోట దాటగానే సముద్రం. ఇక్కడొక చిక్కుంది. పున్నానికో అమావాస్యకో తప్ప సముద్రాన్ని ముట్టుకోకూడదనీ, మంగళవారమైతే మరీ కూడదనీ పెద్దలు పెట్టిన నియమం. ఎంతమంది యాత్రికులకో ఆయన నోటితో ఆయనే చెప్పి, దూరం నుంచి దణ్ణం పెట్టించి పంపించిన నియమం. ఇవాళ చూస్తే మంగళవారం, పైగా నవమి.

"మీరు ఆటోలోనే కూర్చోండి పంతులు గారండీ. నేను పట్టుకొచ్చేత్తానుగా," అన్నాడు యేసురత్నం క్యాన్లు దింపుతూ.

"వద్దయ్యా. పోసిన చేత్తోనే తెస్తాను."

"ఇయ్యాళ మంగళవారమండి. ముట్టుకోకూడదని మీరే అంటారు కదండీ?"

"అంటాను. రేపు కూడా అంటాను. ఇవాళ మాత్రం అనను. పద!"

నీళ్ళ అంచున ఒక్క క్షణం ఆగి చేతులు జోడించారు. "తండ్రీ, నియమం తప్పుతున్నాను. ఒక ప్రాణి ఇంట్లో నీకోసం కళ్ళు కాయలు కాచేలా చూస్తోంది. నా సంగతి తరవాత చూద్దువుగాని." పంచె ఎగగట్టి దిగిపోయారు. ఒడ్డున నీళ్ళు ఇసుకతో కలిసి బురదగా ఉన్నాయి. తేటనీళ్ళకి నడుం లోతు దాకా వెళ్ళాలి. యేసురత్నం ఒక చెయ్యి పట్టుకున్నాడు. మొదటి కెరటం మోకాళ్ళని తోసింది. రెండోది ఛాతీని కొట్టింది. మూడోది ఏకంగా నెత్తిమీదనుంచి దాటిపోయింది. లేచేసరికి జంధ్యానికి నాచు చుట్టుకుని, పిలక విడిపోయి, నోట్లోంచి ఉప్పునీళ్ళు ఉమ్ముకుంటూ ఉన్నారు. క్యాను మాత్రం వదల్లేదు.

"బాబోయ్ పంతులు గారండీ, సముద్రం మిమ్మల్ని వదిలేలా లేదండి!"

"నేనూ వదల్లేదు చూడు!" అంటూ నిండిన క్యాను పైకెత్తి చూపించారు. అంత దుఃఖంలోనూ ఆయనకి నవ్వొచ్చింది. ఒంట్లో నెత్తురు పరుగులు పెడుతోంది. వెనక్కి వెళ్ళి ఇంకో క్యాను తెచ్చుకున్నారు, ఇంకోటి, ఇంకోటి. ఒక సంచీడు శుభ్రమైన ఇసుక కూడా ఎత్తించారు. తడిబట్టల్తోనే ఆటో ఎక్కారు.

ఇంటికి వచ్చేసరికి హిమజ తొట్టిని తోమి తోమి ఆరబెట్టి ఉంది. గాజుగిన్నెలో కొద్దిపాటి పాతనీళ్ళలో చిన్నాయన ముద్దగా ఉన్నాడు. పక్కన అరిటాకు ముక్క మీద పెద్దాయన.

"పోయేరా తల్లీ?"

హిమజ తలూపింది. ఆయన ఎన్ని ఇళ్ళకి పరామర్శకి వెళ్ళి, ఎంతమందిని ఓదార్చి వచ్చారో. ఆ మాటల్లో ఒక్కటీ ఇప్పుడు అక్కరకి రాలేదు. తడి పంచెతో అరుగుమీద చతికిలబడి వెక్కి వెక్కి ఏడ్చారు.

"మంచివనుకున్నానమ్మా. ఇంట్లో అన్నిటికన్నా మంచి నీళ్ళే తెచ్చి పోసేను."

"నాకు తెలుసు నాన్నగారూ," అంది హిమజ. వచ్చి పక్కన కూర్చుంది. "తెలుసు గానీ లేవండి. ఇంకోరున్నారు."

కొత్తనీళ్ళలో ఒక్కసారిగా వేస్తే ఆ అదురుకే పోతుందిట. మందుల షాపులో సెలైను గొట్టం కొనుక్కొచ్చి, సన్నగా చుక్క చుక్కగా సముద్రపు నీళ్ళు గిన్నెలోకి వదలాలి. ఆ గొట్టం పట్టుకునే పని ఆయన తీసుకున్నారు. చెయ్యి లాగేసినా మార్చలేదు. అచ్చయమ్మ గారు ఒకసారి వచ్చి మజ్జిగ గ్లాసు పక్కన పెట్టి, గిన్నెలోకి తొంగి చూసి, "కొమ్ము కదిలినట్టు లేదూ?" అన్నారు. కదల్లేదు. అయినా ఆ మాట వినడం ఆయనకి బావుంది. పొద్దు వాలాక చిన్నాయనని కొత్తనీళ్ళ తొట్టిలో, గాజుకి ఆనించి దింపారు. జారిపోలేదు. అంతకు మించి ఆ వేళకి చెప్పుకోదగ్గ ఆశ లేదు.

మర్నాడు కోడి కుయ్యకముందే తండ్రీకూతుళ్ళిద్దరూ తొట్టి ముందున్నారు. ఒకళ్ళని ఒకళ్ళు లేపుకోలేదు, అలా వచ్చేశారంతే. ఎండ కొబ్బరాకుల్లోంచి జారి, వసారా గచ్చు మీద పడి, పాక్కుంటూ బల్ల ఎక్కింది. గాజు మీద వాలింది. చిన్నాయన ముద్ద ముద్దగానే ఉన్నాడు. గౌరీశంకరం గారి పెదాలు కదులుతున్నాయి, ఏ మంత్రమో ఆయనకే తెలియదు.

ముందు ఒక కొమ్ము లేచింది.

"నాన్నగారూ!" హిమజ ఆయన భుజం పట్టేసుకుంది. ఆయన మడి కట్టుకుని ఉన్నారు. ఇద్దరికీ ఆ ధ్యాసే లేదు.

రెండో కొమ్ము లేచింది. చిన్నాయన మెడ సాచి, ఒక్క నూలు వాసి పైకి జరిగి, ఎండలోకి వచ్చాడు. అక్కడ ఆగి, కుడివైపు మడత విప్పాడు. ఎడమవైపు మడత విప్పాడు. అంచులు కాస్త పాలిపోయాయి గానీ, నడుమ పచ్చగా, నిండుగా, ఈనెలతో సహా ఆకు!

"ఏమేవ్! పరిగెత్తుకు రా! బతికేరు! చిన్నాయన బతికేరే!" ఆ గొంతు మైకు అక్కర్లేని గొంతని ముందే చెప్పాను. ఆ వీధి వీధంతా లేచింది. అచ్చయమ్మ గారు పిండిచేతుల్తోనే పరిగెత్తుకొచ్చి, "నే చెప్పలే, నిన్ననే కొమ్ము కదిలిందని!" అని ఘనతంతా తన ఖాతాలో వేసేసుకున్నారు. కాదనడానికి అక్కడ ఎవరికీ మనసు రాలేదు.

హిమజ నవ్వుతోంది, ఏడుస్తోంది. కాసేపటికి ల్యాబుకి వేళవుతోందని లేచింది. గౌరీశంకరం గారు ఇంకా తొట్టినే చూస్తున్నారు. ఉన్నట్టుండి అన్నారు:

"నీళ్ళు చూస్తే నీళ్ళలాగే ఉన్నాయి. అందులో రాగి ఉందని ఎలా పట్టేవమ్మా?"

"ఒక మందు కలుపుతామండీ. రంగు తేలుతుంది. దాన్నిబట్టి."

"నేను చూడొచ్చా?"

హిమజకి ముందు అర్థం కాలేదు. "ఎక్కడండీ? ల్యాబులోనా? అక్కడన్నీ రొయ్యలే నాన్నగారూ. బల్లలమీద కోసి పెట్టి ఉంటాయి. వాసన. మీరు..."

"వచ్చేక స్నానం చేస్తాను. నువ్వు ఇన్నాళ్ళూ చెయ్యట్లేదూ?"

ఆ పిల్ల స్కూటీ తీసి, వెనక సీటు కొంగుతో తుడిచింది. ఆయన ఉత్తరీయం సర్దుకుని, రెండు కాళ్ళూ ఒకవైపు వేసుకుని, బిగుసుకుని కూర్చున్నారు. గడియారస్తంభం దగ్గర ట్రాఫిక్‌లో స్కూటీ ఆగితే, టిఫిను కొట్టు ముందు నిలబడ్డ తెలిసినాయన బాపిరాజు గారు ఆ దృశ్యం చూసి, ఇడ్లీ చేతిలోనే పట్టుకుని రోడ్డు మీదికి వచ్చేశారు.

"ఏమండీ గౌరీశంకరం గారూ, పొద్దున్నే అమ్మాయితో ఎక్కడికండీ?"

"మా అమ్మాయి దగ్గర పాఠానికి వెళ్తున్నానండీ," అన్నారు ఆయన, సెంటరంతా వినపడేలా. దారి దొరకగానే హిమజ స్కూటీ ముందుకి పోనిచ్చింది.